ఆ రోజు చెప్పకుండా వదిలేసిన పాఠం
(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరమ్మా, ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. షుగరు గురించో బీపీ గురించో చెబుతాననుకుని ఉంటారు. ఆడవారి హార్మోన్లు, అండాశయం, సంతానం గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఆగి, "సభలో పెద్దవాళ్లుంటారు కదమ్మా" అన్నారు. "పెద్దవాళ్లుంటారనే చెబుతానంటున్నానండీ" అన్నాను.

1984లో మేము పదో తరగతి. జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం వచ్చిన రోజు మాస్టారు పుస్తకం తెరిచి, రెండు నిమిషాలు చూసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. వెనక బెంచీల్లో మగపిల్లలు ముసిముసిగా నవ్వారు. మేము తలలు దించుకున్నాం. ఆ మాస్టారంటే నాకు ఇప్పటికీ గౌరవమే. రంగు సుద్దలతో ఆయన నల్లబల్ల మీద వేసిన గుండె బొమ్మ చూసే నేను డాక్టర్ని కావాలనుకున్నాను. కానీ ఆ ఒక్క పాఠం ఆ రోజు చెప్పి ఉంటే మా ఇంట్లో ఒక మనిషిని నేను వేరే కళ్లతో చూసి ఉండేదాన్ని.

ఆ మనిషి మా మేనత్త. మా బ్యాచ్ వాళ్లకు ఆవిడ గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టే వేళకి క్యారేజీ పట్టుకుని వేపచెట్టు కింద నిలబడేది. ఆవిడ చేతి గోంగూర పచ్చడి కోసం మీలో ఎంతమంది నా పక్కన చేరేవారో నాకు తెలుసు. పెళ్లయిన ఏడేళ్లకు, పిల్లలు లేరని అత్తవారు ఆవిడను మా ఇంటికి పంపేశారు. మళ్లీ తీసుకెళ్లలేదు. భర్త రెండో పెళ్లి చేసుకున్నారు. మా అత్తయ్య సీమంతాలకు వెళ్లేది కాదు. పిలిస్తే ఒంట్లో బాగాలేదనేది. పిలవకపోతే ఆ రోజంతా పెరట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. వీధిలో ఆవిడ వెనక ఏ మాట అనేవారో మీకు తెలుసు. ఆ మాట ఈ వేదిక మీద పలకను.

ఇప్పుడు పాఠంలోకి వస్తాను.

ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెల పిండంగా ఉన్నప్పుడే తన అండాశయాల్లో 60–70 లక్షల బీజకణాలుంటాయి. పుట్టేనాటికి 10–20 లక్షలు మిగులుతాయి. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. వాటిలో జీవితకాలం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మిగతావి వాటంతటవే కరిగిపోతాయి. కొత్తవి తయారు కావు. అంటే మీరు, నేను అండంగా మొదలైంది అమ్మ కడుపులో కాదు, అమ్మమ్మ కడుపులో. అమ్మ అక్కడ పిండంగా ఉన్నప్పుడే మనం పుట్టిన అండం కూడా అమ్మలో ఉంది.

కాబట్టి హార్మోన్లు అండాలను పుట్టించవు. ఉన్నవాటిలో ఈ నెల ఏది పక్వానికి రావాలి, ఎప్పుడు బయటికి రావాలి, వచ్చాక గర్భసంచి ఎలా సిద్ధం కావాలి అన్నది నడిపిస్తాయి. ఆ నడిపించటం ఎలాగో మన బడితోనే చెబుతాను.

బడికి గంట ఎలాగో, ఈ వ్యవస్థకు మెదడులోని హైపోథాలమస్ అలాగ. అది సుమారు గంటకో గంటన్నరకో ఒకసారి ఒక చిన్న మోతాదు హార్మోన్ విడుదల చేస్తుంది. దాని పేరు జీఎన్‌ఆర్‌హెచ్. ఆ గంట విని కింద ఉన్న పీయూష గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఒకటి ఎఫ్‌ఎస్‌హెచ్, రెండోది ఎల్‌హెచ్. ఈ రెండూ అండాశయానికి చేరతాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గంట ఆగి ఆగి మోగాలి. 1978లో అమెరికాలో ఎర్నెస్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం రీసస్ కోతుల మీద ఈ సంగతి నిరూపించింది. కోతుల మెదడులో ఆ గంట కొట్టే భాగం పనిచెయ్యకుండా చేసి, బయటినుంచి జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చారు. గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే మందు ఆపకుండా ధారగా ఇస్తే పని తగ్గించేసింది. మన బడిలో అటెండరు పొద్దున్నించి సాయంత్రం దాకా గంట కొడుతూనే ఉంటే ఎవరు లేస్తారు? ఎవరు కూర్చుంటారు? ఇదీ అంతే.

నెలసరి మొదలైన రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కొంచెం పెరుగుతుంది. అప్పుడు అండాశయంలో కొన్ని ఫాలికిల్స్, అంటే అండాన్ని లోపల పెట్టుకున్న చిన్న చిన్న నీటి బుడగలు, ఒకేసారి పెరగటం మొదలుపెడతాయి. ఫాలికిల్ బయటి వరుస కణాలు ఎల్‌హెచ్ మాట విని కొలెస్టరాల్ నుంచి ఆండ్రోజన్ తయారుచేస్తాయి. ఆండ్రోజన్ అంటే మనం మగ హార్మోన్ అని చెప్పుకునేదే. లోపలి వరుస కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని ఆ ఆండ్రోజన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. అంటే ఏ ఆడమనిషి ఒంట్లోనైనా మగ హార్మోన్ లేకుండా ఆడ హార్మోన్ తయారు కాదు. ఈ ఒక్క ముక్క చెబితే మా క్లినిక్‌లో మొహాలు మారిపోతాయి.

ఈస్ట్రోజన్ పెరిగేకొద్దీ ఆ కబురు మెదడుకు చేరుతుంది. మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిస్తుంది. రేషన్ తగ్గినప్పుడు బలహీనమైన ఫాలికిల్స్ వాడిపోతాయి. తక్కువ ఎఫ్‌ఎస్‌హెచ్‌తో కూడా నెగ్గుకొచ్చే ఒక్కటి మాత్రం పెరుగుతుంది. చాలా నెలల్లో ఒక్క అండమే విడుదల కావటానికి కారణం ఇదే.

ఆ ఒక్క ఫాలికిల్ తయారుచేసే ఈస్ట్రోజన్ బాగా పెరిగి, సుమారు రెండు రోజులపాటు ఆ స్థాయిలోనే నిలబడితే, అప్పటిదాకా "తగ్గించు" అన్న కబురు "పెంచు" అన్న కబురుగా మారుతుంది. పీయూష గ్రంథి ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా వరదలా వదులుతుంది. ఆ వరద మొదలైన సుమారు 36 గంటలకు ఫాలికిల్ పగిలి అండం బయటికొస్తుంది. ఒంట్లో మిగతా హార్మోన్లలో చాలావరకు ఎక్కువైతే తగ్గించే పద్ధతిలోనే నడుస్తాయి. నెలకోసారి పద్ధతి ఇలా తిరగబడటం అపురూపం.

అండం వెళ్లిపోయాక ఆ పగిలిన ఫాలికిల్ పనికిరాకుండా పోదు. పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. దాన్ని కార్పస్ లూటియం అంటారు. గర్భసంచి లోపలి పొరను ఈస్ట్రోజన్ మందంగా పెంచితే, ప్రొజెస్టెరాన్ దాన్ని పిండం నిలిచేందుకు అనువుగా మారుస్తుంది. ఒంటి వేడి కూడా కొద్దిగా పెంచుతుంది. గర్భం నిలిస్తే పిండం నుంచి హెచ్‌సీజీ అనే హార్మోన్ వచ్చి "నువ్వు ఆగకు" అని కార్పస్ లూటియానికి చెబుతుంది. మనం ఇంట్లో చేసుకునే గర్భ పరీక్షలో పట్టుబడేది ఆ హెచ్‌సీజీయే. ఆ కబురు రాకపోతే సుమారు 14 రోజులకు కార్పస్ లూటియం వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర ఊడి నెలసరి వస్తుంది. అది చెడు రక్తమూ కాదు, మైలా కాదు. రాని అతిథి కోసం వేసిన పక్క ఎత్తేయటం, అంతే.

ఈ 14 రోజుల లెక్క గుర్తుపెట్టుకోండి. అండం విడుదలయ్యేది నెలసరి వచ్చిన పద్నాలుగో రోజున అని చాలామంది అనుకుంటారు. 28 రోజులకు వచ్చేవారికి అది సుమారుగా సరిపోతుంది. 35 రోజులకు వచ్చేవారికి 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. లెక్క వెనకనుంచి వెయ్యాలి. అండం ఒక్క రోజుకు మించి బతకదు. మగవారి వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి నెలలో గర్భం వచ్చే అవకాశమున్నవి అండం విడుదలయ్యే రోజుతో కలిపి ఆరు రోజులే.

నేను గుంటూరులో మెడిసిన్ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు ఈ పాఠం విన్నాను. చివర్లో మేడమ్ ఒక మాట చెప్పారు. కొందరు ఆడవారికి అండం విడుదలయ్యే సమయంలో పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వస్తుంది. ఒక నెల కుడివైపు వస్తే మరో నెల ఎడమవైపు రావచ్చు. కొన్ని గంటలో, ఒక రోజో ఉండి పోతుంది.

నాకు క్లాసులో చేతులు చల్లబడ్డాయి. మా అత్తయ్యకు ప్రతినెలా మధ్యలో ఒక పూట ఆ నొప్పి వచ్చేది. వాము నీళ్లు కాచుకుని తాగి, గోడకు ఆనుకుని కూర్చునేది. "ఈసారి ఎడమపక్క వచ్చిందే" అని నవ్వుతూ అనటం నేను ఎన్నిసార్లు విన్నానో. నెలసరి కూడా ఆవిడకు తేదీ తప్పేది కాదు. అంటే గంట మోగుతూనే ఉంది. అండం బహుశా నెలనెలా వస్తూనే ఉంది. ఏడేళ్లు ఆవిడకు తాగించిన కషాయాలు, కట్టించిన తాయెత్తులు, చేయించిన ఉపవాసాలు అన్నీ, బాగానే పనిచేస్తున్నదాన్ని బాగుచెయ్యటానికి.

రెండో పెళ్లి చేసుకున్న ఆ ఇంట్లోనూ ఉయ్యాల ఊగలేదు. అందుకని లోపం ఆయనదేనని నేను ఇప్పుడు తీర్పు చెప్పను. మా అత్తయ్య ట్యూబులు మూసుకుపోయి ఉండవచ్చు. ఆయనకు కణాలు తక్కువై ఉండవచ్చు. పరీక్ష చెయ్యకుండా తీర్పు చెప్పటమే కదా మా అత్తయ్యకు జరిగింది. అదే తప్పు నేను చెయ్యను.

ఇక ఈ కబుర్లు ఎక్కడెక్కడ తెగిపోతాయో చూద్దాం.

మొదటిది గంట దగ్గర. ఒళ్లు బాగా చిక్కిపోయినా, తిండి మానేసి అతిగా వ్యాయామం చేసినా, తీవ్రమైన దిగులు ఉన్నా గంట నెమ్మదిస్తుంది. "ఇది బిడ్డను మోసే సమయం కాదు" అని మెదడు అనుకుంటుంది. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి కొన్ని నెలలు నెలసరి రాకపోవటం కూడా ఇలాంటిదే. థైరాయిడ్ తగ్గినా, ప్రొలాక్టిన్ పెరిగినా ఈ లయ చెడుతుంది. వీటికి మామూలు రక్తపరీక్ష, మాత్రలు చాలు.

రెండోది ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించే పీసీఓడీ. 1935లో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వర్ణించారు. స్కాన్‌లో కనిపించే బుడగలు గడ్డలు కావు, కోసి తియ్యాల్సినవి కావు. పెరగటం మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన ఫాలికిల్స్ అవి. చాలామందిలో ఇన్సులిన్, ఎల్‌హెచ్ ఎక్కువై బయటి వరుస కణాలు ఆండ్రోజన్ మోతాదు మించి చేస్తాయి. ఏ ఒక్క ఫాలికిలూ చివరిదాకా ఎదగదు. అండం రాదు, కాబట్టి ప్రొజెస్టెరాన్ రాదు, కాబట్టి నెలసరి నెలల తరబడి రాదు. బరువెక్కువ ఉన్నవారు ఉన్న బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో లయ మళ్లీ కుదురుతుంది. కుదరకపోతే అండం విడుదలకు మొదట వాడే మందు లెట్రోజోల్. ఇది ఈస్ట్రోజన్‌ను కొద్ది రోజులు తగ్గిస్తుంది. "ఈస్ట్రోజన్ తక్కువైందే" అని మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది. ఫాలికిల్ పెరుగుతుంది. మందు అండాశయాన్ని కొరడాతో కొట్టటం లేదు, తెగిన కబురును తిరిగి అందిస్తోంది. టీచర్లకు ఒక విన్నపం. రజస్వల అయిన తొలి ఏళ్లలో నెలసరి అటూ ఇటూ కావటం మామూలే. ఆ వయసులో ఒక్క స్కాన్ చూసి పిల్లకు పీసీఓడీ అని ముద్ర వెయ్యకూడదు. అలా ముద్ర పడి, తనకిక పిల్లలు పుట్టరని ఏడుస్తూ వచ్చే పద్ధెనిమిదేళ్ల పిల్లలను నేను చూస్తున్నాను.

మూడోది వయసు. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత రెండూ త్వరత్వరగా తగ్గుతాయి. ఏఎంహెచ్ అనే పరీక్ష ఎన్ని మిగిలాయో సుమారుగా చెబుతుంది కానీ అవి ఎలా ఉన్నాయో చెప్పదు. ఏ హార్మోన్ ఇంజెక్షనూ అండం వయసును తగ్గించలేదు. ఐవీఎఫ్ ఉంది కదా అని వాయిదా వేసే పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఐవీఎఫ్ అంటే గుర్తొచ్చింది. అండాలు అయిపోయిన ముసలి వయసులో ఈస్ట్రోజన్ కబురు రాదు కాబట్టి మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను ఎక్కువెక్కువగా పంపుతూనే ఉంటుంది. అవి మూత్రంలో పోతాయి. ఇటలీలో మఠాల్లో ఉండే వృద్ధ సన్యాసినుల మూత్రం సేకరించి, దానిలోంచి ఆ హార్మోన్లను వేరుచేసి మందు తయారుచేశారు. బిడ్డలు వద్దనుకున్న ఆ తల్లుల నుంచి వచ్చిన మందుతో 1960ల నుంచి ఎందరో ఇళ్లలో బిడ్డలు పుట్టారు. 1978 జూలైలో ఇంగ్లండులో పుట్టిన మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువుకు హార్మోన్ ఇంజెక్షన్లు వాడలేదు, ఆ నెల సహజంగా వచ్చిన ఒక్క అండంతోనే ప్రయత్నించారు. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో దుర్గ పుట్టింది. ఆయన ఈ హార్మోన్లనే వాడి అండాలను పెంచారు. ఆ పద్ధతే తర్వాత లోకమంతా వాడుకలోకి వచ్చింది. కానీ ఆ రోజు ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. గుర్తింపు ఆ తర్వాత వచ్చింది. ఈ ఇంజెక్షన్లు వాడితే అండాలు ముందే అయిపోతాయేమోనని భయపడే వారికి ఒక్క మాట. ఆ నెల ఎలాగూ వాడిపోవాల్సిన ఫాలికిల్స్‌నే అవి నిలబెడతాయి. వచ్చే ఏడాదివి తీసుకురావు.

పండక్కో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకోవటం మన ఇళ్లలో మామూలైంది. అవి ప్రొజెస్టెరాన్ పనిచేసే మాత్రలు. వాడినన్నాళ్లు పొర ఊడదు, ఆపిన కొద్ది రోజులకు వస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడినందుకు పిల్లలు పుట్టకుండా పోరు. కానీ కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, తీవ్రమైన మైగ్రేన్ ఉన్నవారికి ప్రమాదం కావచ్చు. డాక్టర్ని ఒక మాట అడిగి వాడండి.

ఇప్పటిదాకా ఆడవారి గురించి చెప్పాను. మగవారు నిశ్చింతగా కూర్చున్నారు. మీకూ అదే గంట, అవే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్. అవి వృషణాలకు వెళ్లి వీర్యకణాలు తయారుచేయిస్తాయి. కండలకోసం జిమ్ముల్లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే మెదడు "సరిపడా ఉంది" అనుకుని గంట ఆపేస్తుంది. కణాలు సున్నాకి పడిపోవచ్చు. మగతనం పెంచుకుందామని వెళ్లి తండ్రయ్యే అవకాశం పోగొట్టుకున్న కుర్రవాళ్లు మా దగ్గరకు వస్తున్నారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ఆయన పరీక్ష అన్నిటికంటే తేలిక, చవక, నొప్పి లేనిది. అయినా ఇవాళ్టికీ మా దగ్గరకు వచ్చే ఫైళ్లలో ఆమె పరీక్షలు జానెడు మందం, ఆయనది ఒక్క కాగితమైనా ఉండదు.

కాబట్టి ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇద్దరూ అన్న మాట గీత గీసి పెట్టుకోండి. మీ ఇంటికి కోడలొచ్చి ఉంటే, అత్తగారిగా, మామగారిగా ఆ మాట మొదట మీరే అనండి. ఆ అమ్మాయి తనంతట తాను అనలేదు.

మా అత్తయ్యకు ఈ పాఠం నేను చెప్పాను. హౌస్‌సర్జన్ చేస్తుండగా సెలవుకి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, కాగితం మీద బొమ్మ వేసి, నెల మధ్య నొప్పి సంగతి కూడా చెప్పాను. అప్పటికి ఆవిడకు నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నాలో ఉండేవన్నమాట" అంది. ఇంకేమీ అనలేదు. ఆ బొమ్మ కాగితం మడిచి తన ట్రంకు పెట్టెలో దాచుకుంది. ఆవిడ పోయాక పెట్టె తెరిస్తే పట్టుచీర మడతల్లో ఉంది.

మన హెడ్మాస్టర్ గారిని నేను ఒక్కటే కోరాను, ఆయన ఒప్పుకున్నారు. ఏటా ఒక రోజు వచ్చి పదో తరగతికి ఈ పాఠం నేనే చెబుతాను. ఆడపిల్లలను, మగపిల్లలను వేరువేరుగా కూర్చోబెట్టవద్దన్నాను. రేపు ఇద్దరూ కలిసే కదా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది. మన సంఘం తరఫున ఆ గదికి ఒక మంచి బొమ్మల చార్టు కొనిపెట్టండి. రంగు సుద్దలు నేను తెచ్చుకుంటాను.